పొలిమేర దాటిన ఫోను

“స్పెయిన్‌కా? అయితే మీకేమీ అక్కర్లేదండీ. ఉన్న సిమ్ముతోనే వెళ్ళిరండి,” అంటూ డబ్బులు పట్టుకుని వచ్చిన గిరాకీని ఉత్తచేతులతో వెనక్కి పంపే మనిషిని కౌంటర్లో కూర్చోబెట్టుకున్నందుకు డెక్లన్ మొదటి ఏడాదంతా జుట్టు పీక్కున్నాడు.

ఐర్లండ్ నడిబొడ్డున అత్లోన్‌లో షానన్ నది వంతెనకి ఇవతల, మంగలి షాపుకీ మందుల షాపుకీ మధ్య ఇరుక్కున్న చిన్న ఫోన్ల షాపు అతనిది. పగిలిన స్క్రీన్లు మార్చడం, కవర్లు, ఛార్జర్లు, సిమ్ములు. వేసవి వచ్చిందంటే ఊళ్ళో సగంమంది ఎండ వెతుక్కుంటూ విమానాలెక్కుతారు. ఆ మూడు నెలలూ పరాయి దేశాల్లో వాడుకునే డేటా ప్యాకులు అమ్మితే మంచి కమిషను. ఆ కమిషనుకి సత్యవాణి అడ్డం పడేది.

“యూరోపియన్ యూనియన్లో ఎక్కడికెళ్ళినా మీ ఐర్లండ్ సిమ్ము ఇక్కడ పనిచేసినట్టే పనిచేస్తుంది. కాకపోతే అక్కడ వాడుకోడానికి ఇన్ని జీబీలని హద్దు ఉంటుంది, అదొక్కటి చూసుకోండి. స్విట్జర్లండ్ అయితే మాత్రం జాగ్రత్త, అది యూనియన్లో లేదు. టర్కీ కూడా అంతే. వాటికైతే ఇ-సిమ్ వేసుకోండి. ప్లాస్టిక్ ముక్క ఉండదు, నేరుగా ఫోన్లోకి దిగిపోతుంది. అదైనా ముప్ఫై రోజులది ఎందుకు, మీరు వెళ్ళేది నాలుగు రోజులకైతే?”

ఇలా ప్రతివాళ్ళకీ విడమర్చి చెప్పేది. వాళ్ళు దణ్ణం పెట్టినంత పనిచేసి వెళ్ళిపోయేవాళ్ళు. డెక్లన్ వెనక గదిలోంచి వచ్చి, “వాణీ, నీకు జీతం ఇచ్చేది నేనా, వాళ్ళా?” అనేవాడు. రెండో ఏడాదికి అతనికే తెలిసింది. ఆ ఉత్తచేతులతో వెళ్ళినవాళ్ళే కొత్త ఫోను కొనాలంటే పెద్ద షాపులు వదిలి ఇక్కడికొస్తున్నారు, అమ్మమ్మల్నీ తాతల్నీ వెంటేసుకుని మరీ. అప్పట్నించీ “గ్రాండ్, నీ ఇష్టం” అని ఊరుకున్నాడు.

సత్యవాణిది పాలకొల్లు. పదమూడేళ్ళు అక్కడొక హైస్కూల్లో లెక్కల టీచరు. భర్త త్రినాథ్‌కి అత్లోన్‌లో మందుల కంపెనీ లాబులో ఉద్యోగం వస్తే, పదకొండేళ్ళ క్రితం ఆరేళ్ళ కూతురు సుధేష్ణని తీసుకుని వెనకాలే వచ్చింది. ఇక్కడా బళ్ళో చెప్పాలనే ఉండేది. ఆ కాగితాల వ్యవహారం ఒక కొలిక్కి వచ్చేలోపు ఇంటి లీజు, పిల్ల చదువు, చలికోట్లు అన్నీ మీదపడ్డాయి. దొరికిన పని దొరికినట్టు పట్టుకుంది.

కానీ ఆ పని మీద ఆవిడకంత పట్టింపు రావడానికి ఇంకో కారణం ఉంది. ఇక్కడ దిగిన మొదటిరోజు డబ్లిన్ విమానాశ్రయంలో ఆవిడ చేతిలో ఉన్న ఇండియా ఫోను చచ్చిన చేపలా పడుంది. రోమింగ్ అనేదొకటి వేయించుకోవాలని ఎవరూ చెప్పలేదు. త్రినాథ్ ఎక్కిన బస్సు దారిలో ఎక్కడో ఆగిపోయింది. ఆ సంగతి అతను చెప్పడానికీ లేదు, ఈవిడ అడగడానికీ లేదు. పిల్ల ఏడుపు, చుట్టూ అర్థంకాని యాసలు. రెండు గంటల తర్వాత నేల తుడిచే ఆవిడొకరు చూసి, తన ఫోను చేతిలో పెట్టి, “మాట్లాడు” అని సైగ చేసింది. ఆ రెండు గంటలూ సత్యవాణి మర్చిపోలేదు. పరాయి దేశంలో ఫోను మూగబోతే మనిషి ఎంత చిన్నదైపోతుందో తనకి తెలుసుననీ, తన చేతిమీదుగా సిమ్ము తీసుకున్న ఎవ్వరికీ ఆ గతి పట్టకూడదనీ అనుకునేది. అలాగే, భయపడ్డవాళ్ళ దగ్గర ఎక్కువ గుంజడం పాపమనీ అనుకునేది. ఈ రెండూ ఒకదానికొకటి ఎదురు తిరిగే రోజొకటి వస్తుందని అనుకోలేదు.

కిందటేడు మే నెలలో శ్రావ్య వాళ్ళ నాన్న వచ్చాడు.

శ్రావ్య అమలాపురం పిల్ల, డాక్టరు. ఈ దేశం వచ్చిన కొత్తలో అత్లోన్ దగ్గర ఆస్పత్రిలో చేసినప్పుడు ఎనిమిది నెలలు సత్యవాణి వాళ్ళింట్లోనే మేడమీద గదిలో ఉంది. తర్వాత స్లైగో ఆస్పత్రికి మారిపోయినా, సెలవు దొరికితే “ఆంటీ, పులిహోర” అంటూ వచ్చి వాలేది. తండ్రిని ఆరు వారాలకి రప్పించుకుని, మొదటి ఆదివారమే భోజనానికి తీసుకొచ్చింది.

రామలింగేశ్వరరావు ఆర్టీసీలో ముప్ఫై ఒక్క ఏళ్ళు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. భార్య పోయి మూడేళ్ళు. అరవై తొమ్మిదేళ్ళ వయసులోనూ కుర్చీలో కూర్చుంటే స్టీరింగ్ ముందు కూర్చున్నట్టు నిటారుగా కూర్చునేవాడు. గోంగూర పచ్చడి కలుపుకుంటూ ఆయన చెప్పిందంతా బస్సుల గురించే.

“ఇక్కడ డ్రైవర్లు హారన్ కొట్టరేంటమ్మా! నిన్న స్లైగోలో గంటసేపు నిలబడి విన్నాను. ఒక్కడంటే ఒక్కడు కొట్టలేదు. దిగేవాళ్ళేమో డ్రైవరుకి థాంక్స్ చెప్పి మరీ దిగుతున్నారు. నా సర్వీసు మొత్తంలో నాకు థాంక్స్ చెప్పినవాళ్ళు నలుగురుంటారు, అందులో ఒకడు తాగున్నాడు.”

సుధేష్ణ ముక్కులోంచి నీళ్ళు వచ్చేలా నవ్వింది. “హీ ఈజ్ గ్యాస్, మామ్,” అంది. ఆ మాట ఇక్కడ భలే సరదా మనిషని చెప్పడమని సత్యవాణే ఆయనకి విప్పి చెప్పాల్సి వచ్చింది.

భోజనాలయ్యాక ఫోను సంగతి వచ్చింది. శ్రావ్య ఇక్కడి ప్రీపెయిడ్ సిమ్మే తీసుకుందామంది. నెలకి ఇరవై యూరోలు, కావలసినంత డేటా, ఐర్లండ్ నంబరు.

“ఇరవై యూరోలంటే రెండువేలు దాటింది కదే! నేనేమన్నా సినిమాలు చూస్తానా? నీకో మెసేజీ, బస్సు టైము, మ్యాపు. అంతేగా?” అన్నాడు రామలింగేశ్వరరావు.

సత్యవాణికి ఆ మాట తన నోట్లోంచి తీసుకుని అన్నట్టే ఉంది. “బాబాయిగారు చెప్పింది నిజమే శ్రావ్యా. యూరప్ అంతా పనికొచ్చే ఇ-సిమ్ ఉంది, తొమ్మిది యూరోలు, ఐదు జీబీలు. ఐర్లండ్ కూడా అందులోదే. నంబరుండదు, డేటా మాత్రమే. వాట్సాప్ ఎలాగూ పాత నంబరు మీదే నడుస్తుంది.” అని ఫోను చూస్తూ ఆగింది. “ఇంకో మూడు యూరోలు వేస్తే బ్రిటన్ కూడా కలుస్తుంది. ఉత్తర ఐర్లండ్ అందులోకే వస్తుంది. అటేమన్నా వెళ్తారా?”

“వీసా ఈ దేశానికే ఆంటీ,” అంది శ్రావ్య.

“అయితే ఆ మూడూ దండగే.”

ఇండియా సిమ్ము కూడా ఫోన్లోనే ఉంచింది, బ్యాంకు ఓటీపీల కోసం. దాని మీద డేటా ఆపేసి, చిన్నపిల్లలకి ఎక్కం చెప్పినట్టు చెప్పింది. “ఈ నంబరుకి మెసేజీ వస్తే ఫ్రీ, చదువుకోండి. ఫోను మోగితే మాత్రం ఎత్తకండి. నిమిషానికి ఎంత లాగేస్తాడో తెలీదు.”

“ఎత్తను,” అన్నాడాయన, డిపో మేనేజరు ముందు నిలబడ్డట్టు.

స్లైగోలో కూతురు డ్యూటీకి వెళ్ళగానే ఆయన బస్టాండుకి వెళ్ళేవాడు. ఏ బస్సు ముందుంటే అది ఎక్కి చివరిదాకా పోయి, అక్కడ టీ తాగి, తిరిగొచ్చే బస్సెక్కేవాడు. ముందు సీట్లో కూర్చుని డ్రైవరు మలుపులు ఎలా కోస్తున్నాడో చూసేవాడు. సాయంత్రం శ్రావ్యకి మార్కులు చెప్పేవాడు, “ఇవాళ్టి వాడికి నూటికి ఎనభై. బ్రేకు కాస్త గట్టిగా తొక్కుతాడు.”

మూడోవారం శనివారం మధ్యాహ్నం రెండున్నరకి షాపులో సత్యవాణి ఫోను మోగింది. అవతల శ్రావ్య.

“ఆంటీ, నాన్న దొరకట్లేదు. పొద్దున్న బ్లాక్‌లయన్ వెళ్ళే బస్సెక్కానని మెసేజ్ పెట్టాడు. పదకొండున్నర తర్వాత ఇంకేం లేదు. వాట్సాప్‌లో ఒక్కటే టిక్కు. ఇండియా నంబరుకి ఏడుసార్లు చేశాను. మోగుతోంది, ఎత్తట్లేదు. ఇక్కడ భోరున వాన. రాళ్ళగుట్టల మీద నడిచే దారేదో ఉందక్కడ, చూస్తానన్నాడు. జారి పడ్డాడేమో ఆంటీ. పోలీసులకి, గార్డ్స్‌కి ఫోన్ చెయ్యనా? నేను వార్డు వదిలి కదలడానికి లేదు.”

ఎందుకు ఎత్తట్లేదో సత్యవాణికి ఆ క్షణంలోనే తెలిసిపోయింది. ఎత్తొద్దని చెప్పింది తనే. కానీ డేటా ఎందుకు పోయింది? ఐదు జీబీలు అప్పుడే అయిపోవు. బ్లాక్‌లయన్ ఈ దేశంలోనే ఉంది. వేళ్ళు గల్లాపెట్టె అంచుని పట్టుకుని అలాగే ఉండిపోయాయి.

“ఏమైంది?” అన్నాడు డెక్లన్. చెప్పింది.

“బ్లాక్‌లయనా? ఆ ఊరి చివర చిన్న వంతెన, అవతల ఉత్తర ఐర్లండ్. మా తమ్ముడు ఉండేది అక్కడే. వాడి ఫోనుకి వంటింట్లో మన నెట్‌వర్కు, పడగ్గదిలో వాళ్ళది. అవతలి టవరు గట్టిది, ఫోనుని లాగేసుకుంటుంది,” అన్నాడు మామూలుగా, వాతావరణం గురించి చెప్పినట్టు.

సత్యవాణి కళ్ళు మూసుకుంది. మనిషి పొలిమేర దాటలేదు, ఫోను దాటేసింది. దాటిన చోట ఆ తొమ్మిది యూరోల సిమ్ము చెల్లదు. మూడు యూరోలు దండగని తీసేసింది తనే. అన్ని దేశాల పట్టీలూ నోటికొచ్చిన మనిషికి, గాలిలో ఎగిరే సిగ్నల్‌కి గోడలుండవన్న సంగతి తట్టకపోయింది.

“శ్రావ్యా, నువ్వు మళ్ళీ ఫోన్ చెయ్యకు. ఆయన ఎత్తరు. నాకు పది నిమిషాలియ్యి. తేలకపోతే గార్డ్స్‌కి చెప్పేద్దాం,” అంది.

మెసేజీ వస్తే ఫ్రీ, చదువుకోండి అని కూడా తనే చెప్పింది. వాట్సాప్ కాదు, మామూలు మెసేజీ. అది ఏ టవరు కింద ఉన్నా ఇండియా సిమ్ముకి చేరుతుంది. బల్లమీద లెక్క చేసినట్టు, ఒక్కో వరుసలో ఒక్కో మెట్టు రాసింది.

“బాబాయిగారూ, నేను సత్యవాణిని. ఎక్కడున్నారో అక్కడే కూర్చోండి. శ్రావ్య కంగారు పడుతోంది. ఫోన్లో సెట్టింగ్స్ తెరవండి. మొబైల్ నెట్‌వర్క్ నొక్కండి. రెండో సిమ్ము, మన ఇ-సిమ్, నొక్కండి. నెట్‌వర్క్ దానంతటది వెతుక్కోకుండా ఆపండి. పేర్ల పట్టీ వస్తుంది. పక్కన ఐ.ఇ., అంటే ఐర్లండ్, అని ఉన్న పేరు నొక్కండి. సిగ్నల్ గీతలు తక్కువున్నా ఫరవాలేదు. ఒక్క నిమిషం ఆగి నాకు వాట్సాప్‌లో ఫోన్ చేయండి.”

పంపి, ఫోను కౌంటరు మీద పెట్టి, దాన్నే చూస్తూ నిలబడింది. ఒకావిడ ఛార్జరు కోసం వస్తే డెక్లనే చూసుకున్నాడు. మూడు నిమిషాలు. ఆరు. తొమ్మిది. ఇక గార్డ్స్‌కి చేద్దామని చెయ్యి చాపింది. వాట్సాప్ మోగింది.

“అమ్మా సత్యవాణీ! ఏంటమ్మా, శ్రావ్యకి ఏమైంది?” అన్నాడు రామలింగేశ్వరరావు.

ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. “దానికేం కాలేదండీ. మీకేమైందోనని ఏడుస్తోంది. మీరెక్కడున్నారు?”

“బస్టాపులోనే ఉన్నాను. వానలో ఆ గుట్టల దాకా ఎక్కడ పోతాను, సగంలో వెనక్కొచ్చేశాను. ఫోన్లో బస్సు టైము రావట్లేదు. నెట్టు విశ్రాంతి తీసుకుంటోంది కాబోలనుకున్నాను. అది వచ్చేలోపు నా కళ్ళముందే బస్సు పోయింది. మళ్ళీ ఆరింటికట. శ్రావ్య ఆ నంబరుకి చేస్తూనే ఉంది, పొరపాటున నొక్కుతోందనుకుని...” అని కాస్త గర్వంగా, “నువ్వు చెప్పావుగా, ఒక్కసారి కూడా ఎత్తలేదు,” అన్నాడు.

నవ్వాలో ఏడవాలో తెలియక సత్యవాణి రెండూ చేసింది. శ్రావ్యకి కబురు చెప్పి, డెక్లన్ వైపు తిరిగింది. అడగకముందే అతను కారు తాళాలు చేతిలో పెట్టాడు. “నీ బండికి వైపర్లు బాగాలేవు. నాది తీసుకెళ్ళు.”

రెండు గంటల దారి. తడిసిన పచ్చిక బయళ్ళు, ఇరుకు రోడ్లు, ట్రాక్టరు వెనకాల మైళ్ళకి మైళ్ళు. దారంతా ఆవిడ తనని తాను తిట్టుకుంటూనే ఉంది. వెళ్ళేసరికి ఆయన బస్టాపు పక్క టీ దుకాణంలో కిటికీ దగ్గర, ఎవరో ఇచ్చిన పొడి తువ్వాలు మెడలో వేసుకుని కూర్చున్నాడు. ఎదురుగా ఒక ముసలాయన. ఇద్దరి మధ్యా ఉప్పుసీసా, మిరియాల సీసా, రెండు చెంచాలు. వాటితో ఘాట్‌రోడ్డు మలుపులో రెండు బస్సులు ఎలా తప్పుకోవాలో చూపించుకుంటున్నారు. ఆ ముసలాయనా ఒకప్పుడు బస్సు డ్రైవరేనట. ఈయనకొచ్చిన ఇంగ్లీషు ఎంతో, ఆయనకొచ్చిన తెలుగు ఎంతో ఆ దేవుడికే తెలియాలి.

సత్యవాణి కారుని స్లైగో దారి పట్టించింది. మానర్‌హామిల్టన్ దాటాక అంది, “తప్పు నాది బాబాయిగారూ. మూడు యూరోలు మిగిల్చి గొప్పపని చేశాననుకున్నాను. ఇక్కడి నంబరే ఇచ్చుంటే శ్రావ్య మామూలుగా ఫోన్ చేసేది, మీరు ఎత్తేవారు, ఇంత గొడవే లేదు.”

ఆయన వైపర్ల వంకే చూస్తూ అన్నాడు.

“కొత్తగా సర్వీసులో చేరిన రోజుల్లో, ఒకసారి టైము కలిసొస్తుందని రావులపాలెం ఊళ్ళోకి పోకుండా బైపాసు మీంచి లాగించేశాను. డీజిలు మిగిలింది, టైముకంటే ముందే చేరాను, డిపోలో శభాష్ అన్నారు. బైపాసు మీద దిగినావిడ నిండు చూలాలు. సంచీ మోసుకుంటూ మైలున్నర నడిచిందట ఎండలో. వారం తర్వాత వాళ్ళాయన డిపోకొచ్చి చెప్పాడు. తిట్టలేదు, ఊరికే చెప్పి పోయాడు. ఆ తర్వాత నేను ఏ స్టాపూ దాటెయ్యలేదమ్మా. అద్దంలో వెనక్కి చూసుకునేవాణ్ణి, ఎవరెవరున్నారని.” తర్వాత ఆవిడ పాదాల వైపు చూసి, “నువ్వు ఫోను బాగుచేసిన తీరు మాత్రం నూటికి తొంభై ఐదు. కారు నడపడం డెబ్భై. క్లచ్ మీంచి కాలు తియ్యి,” అన్నాడు.

స్లైగోలో శ్రావ్య తలుపు తీస్తూనే తండ్రిని పట్టుకుని ఏడ్చింది. తర్వాత తిట్టింది. తర్వాత ఇద్దర్నీ కలిపి తిట్టింది. “ఏడుసార్లు చేస్తే ఒక్కసారి ఎత్తితే ఆస్తులు కరిగిపోతాయా నాన్నా? మీరూ మీరూ కలిసి నన్ను చంపేస్తారు.” ఇద్దరూ బళ్ళో పిల్లల్లా తలొంచుకుని పప్పుచారు తిన్నారు. లేవబోయే ముందు సత్యవాణి సంచీలోంచి ఇక్కడి ప్రీపెయిడ్ సిమ్ము తీసి, ఆయన ఫోన్లో ఇ-సిమ్‌తో డేటా మాన్పించి, దీన్ని వేసింది. వార్డు ఫోను నంబరు కూడా ఎక్కించింది. ఈసారి ధర గురించి ఎవరూ మాట్లాడలేదు.

ఆ తర్వాత షాపులో ఆవిడ మాటతీరు మారింది. కమిషను కోసం కాదు, ఇప్పటికీ స్పెయిన్ వెళ్ళేవాళ్ళని ఉత్తచేతులతోనే పంపుతుంది. కానీ ఇదివరకు “ఏ దేశం?” అని మొదలెట్టేది. ఇప్పుడు “మీకోసం ఎవరు ఎదురుచూస్తుంటారు? వాళ్ళు మీకు ఎలా ఫోన్ చేస్తారు? మీతో ఎవరొస్తున్నారు?” అని అడుగుతోంది. సరిహద్దు పక్కనే ఉన్న డనిగాల్ కొండలు చూడ్డానికొచ్చిన అమెరికా జంటకి బ్రిటన్ కలిసిన ప్యాకే ఇస్తుంది, వాళ్ళు సరిహద్దు దాటమని ఒట్టేసినా సరే. ఒంటరిగా బయల్దేరే పెద్దవాళ్ళకి కాగితం మీద పెద్దక్షరాలతో రాసిస్తుంది, నెట్టు ఆగిపోతే ఏం చెయ్యాలో. ఆ కాగితంలో ఇండియా ఆఫీసు ఉత్తరాల్లోలా “కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్” అని రాస్తే సుధేష్ణ పళ్ళు బిగించి, “మామ్, నోబడీ సేస్ దట్,” అని కొట్టేసింది. సత్యవాణి ఆ వాక్యాన్ని రెండు కాగితాల్లో మళ్ళీ కలిపింది. మూడోదాంట్లో వదిలేసింది.

ఆరు వారాలూ అయ్యాక రామలింగేశ్వరరావు వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు బ్లాక్‌లయన్ ముసలాయనకి ఒక ఆవకాయ సీసా బస్సులో పంపించాడు, డ్రైవరు చేతికిచ్చి.

ఈ మధ్య జనవరిలో ఒకరోజు పొద్దున్నే సత్యవాణికి ఆయన దగ్గర్నించి నాలుగు నిమిషాల వాయిస్ మెసేజీ వచ్చింది. షాపు షట్టరు తీస్తూ వింది. వెనకాల అలల హోరు, ఎవరో కాఫీకి కేకేస్తున్నారు.

“అమ్మా సత్యవాణీ, నేను శ్రీలంకలో ఉన్నాను. మా రిటైరైన డ్రైవర్లం ఐదుగురం. ఇండియాలో మావాళ్ళందరూ తలా ఒక రోమింగ్ ప్యాకు వేయించుకుందామన్నారు. నేను వద్దన్నాను. నువ్వు ఇ-సిమ్ అనేదానివేమో, అదీ వద్దన్నాను, మావాళ్ళ ఫోన్లలో ముగ్గురివి దాన్ని తీసుకోవమ్మా. కొలంబోలో దిగగానే కౌంటర్లో అక్కడి సిమ్ములు రెండు కొన్నాను. ఐదుగురికి రెండెందుకంటావా? మేం ఎప్పుడూ కలిసే తిరుగుతాం, హాట్‌స్పాట్ పెట్టుకుంటే చాలు. కానీ ఒకటి సరిపోదు. తప్పిపోయేవాడు ఒకడుంటాడు కదా, ఆ సూర్యారావుగాడు. రెండోది వాడి జేబులో పెట్టాను. మోగితే ఎత్తమని చెప్పాను.”

సత్యవాణి అక్కడే, సగం ఎత్తిన షట్టరు కింద నిలబడి రెండోసారి వింది. తనైతే ఐదుగురికీ ఐదు ఇ-సిమ్ములు చెప్పేది. ఆయన లెక్కే సరైంది. బటన్ నొక్కి పట్టుకుని అంది, “నూటికి నూరు బాబాయిగారూ. మరి అక్కడి డ్రైవర్లు హారన్ కొడతారా?”